బడి ముంగిట్లో మిరపకల్లం

నా జీవితంలో నేను తుమ్మిన తుమ్ములన్నీ ఒకచోట గుట్టపోస్తే కోటప్పకొండ పక్కన ఇంకో కొండ లేస్తుంది. అందులో ముప్పాతిక భాగం ఒకే ఒక్క బడి వరండాలో తుమ్మినవి. ఒకసారి నేను తుమ్మిన తుమ్ముకి పక్కనున్న చర్చి మీద పావురాలు లేచి చిలకలూరిపేట దాకా వెళ్ళి, అక్కడ స్పిన్నింగు మిల్లు రేకుల మీద వాలి, సాయంత్రం గానీ తిరిగి రాలేదు. పావురాలకి ఆ వెసులుబాటన్నా ఉంది. మా పిల్లలకి లేదు. వాళ్ళు నాలుగున్నర దాకా అక్కడే కూర్చోవాలి.

ప్రత్తిపాడు దాటాక పత్తిచేల మధ్య నుంచి లోపలికి పోయే రోడ్డు మీద ఒక పెద్ద ఊరుంది. పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్ళు నన్ను బస్టాండులో ఆపుతారు. చెప్పకపోతే చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఇది మా గురించేనని అనుకుంటాయి, అదే మంచిది. ఆ ఊళ్ళో రెండు సర్కారు బళ్ళు. ఒకటి ఊళ్ళో, సెంటర్లో. ఇంకోటి ఎడ్లబండ్లు పోయే డొంక అవతల కాలనీలో, చర్చిని ఆనుకుని. నేను కాలనీ బళ్ళో పంతుల్ని.

రెండు బళ్ళకీ ప్రభుత్వం ఒకటే. పుస్తకాలు ఒకే లారీలో వస్తాయి. మధ్యాహ్నం గుడ్లు రెండు చోట్లా ఒకే కోడి పెట్టినట్టుంటాయి. పంతుళ్ళ జీతాలు కూడా ఒకే తారీఖున ఆలస్యమవుతాయి. అయినా ఊళ్ళో బడిని, మా బడిని పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకటి పెళ్ళికి ముస్తాబైన ఇల్లు, ఇంకోటి పెళ్ళి అయిపోయి పందిరి పీకేసిన ఇల్లు.

ఊళ్ళో బడికి గేటుంది, గేటుకి తాళముంది, తాళానికి వాచ్‌మన్ ఉన్నాడు, వాచ్‌మన్‌కి కుర్చీ ఉంది. లోపల పచ్చిక. మంచినీళ్ళ ప్లాంటు. గోడల మీద సున్నం కనబడదు, అన్నీ దాతల పేర్లున్న చలవరాళ్ళే. ఒక గదిలో ఫ్యానుకి మూడు రెక్కల మీదా మూడు తరాల పేర్లు రాయించారు. స్విచ్చి వేస్తే ఆ వంశం మొత్తం మన నెత్తిన గిర్రున తిరుగుతుంది.

తమాషా ఏమిటంటే ఆ దాతల పిల్లలు ఆ బళ్ళో చదవరు. వాళ్ళు పొద్దున్నే పసుపు బస్సెక్కి గుంటూరు పోతారు. నేను గుంటూరు నుంచి బండి మీద ఎదురొస్తాను. ప్రతిరోజూ ఒకే మలుపు దగ్గర ఆ బస్సు నా మీదికి దూసుకొచ్చి, నన్ను పత్తిచేలో దింపి వెళ్తుంది. చదువు చెప్పేవాడు పట్నం వదిలి ఊరొస్తున్నాడు, చదువుకునేవాళ్ళు ఊరొదిలి పట్నం పోతున్నారు, మధ్యలో దుమ్ము తప్ప ఇంకేం మిగలదు.

మరి వాళ్ళ పిల్లలు లేని బడికి అంత సోకెందుకు? చాలాకాలం బుర్ర చించుకున్నాను. తర్వాత అర్థమైంది. బడి బాగుపడాలంటే డబ్బున్నవాళ్ళ పిల్లలు అందులో చదవక్కర్లేదు, డబ్బున్నవాళ్ళు రోజూ నడిచే దారిలో ఉంటే చాలు. పొద్దున టీ తాగడానికి వస్తూ ఆ గోడ చూస్తారు. గోడ మాసిపోతే వాళ్ళకి పరువు తక్కువ. అక్కడ కుళాయి కారితే సాయంత్రానికి ప్లంబరు వస్తాడు. మా కుళాయి పాడైతే దాని మీద పిచ్చుకలు గూడు కట్టి, పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలకి పెళ్ళిళ్ళయ్యేదాకా ఎవరూ రారు. డొంక దాటి టీ తాగడానికి ఎవరొస్తారు?

డొంక దాటి వచ్చేవి ట్రాక్టర్లు మాత్రమే. అవి వచ్చేది మిరపకాయలు పోయడానికి.

మా ప్రాంతంలో కోతలు మొదలయ్యాక చదునుగా, ఖాళీగా కనబడ్డ నేల ఏదైనా కల్లమే. రోడ్డు అంచులు కల్లం, కాలవ గట్టు కల్లం. ఎక్కడైనా కాసేపు కదలకుండా నిలబడితే నా బట్టతల మీద కూడా ఓ గుప్పెడు ఆరబోస్తారేమోనని నేను జనవరి నుంచి ఏప్రిల్ దాకా కదుల్తూనే ఉంటాను. అట్లాంటి కాలంలో కాలనీ బడి ముంగిలి, గేటు లేకుండా, గోడ లేకుండా, గట్టిగా, చదునుగా ఉంటే ఊరుకుంటారా? ఊళ్ళో పెద్ద రైతు ఒకాయన, అందరూ పెద్దాయన అనే మనిషి, ఏటా తన కాయంతా అక్కడే పోయించేవాడు. నేను ఆ బడికి రాకముందు నుంచీ అది ఆచారం. వరండా మెట్టు దిగితే కాయలే. పిల్లలు బాత్రూంకి పోవాలంటే ఎర్రసముద్రం మధ్య దారి విడిపోయినట్టు ఓ సన్నటి బాట వదిలేవారు.

ఎండెక్కాక ఆడవాళ్ళొచ్చి కాయలు తిరగేసేవాళ్ళు. అప్పుడు లేచేది ఘాటు. మా పిల్లలు ఎక్కాలు ఆ ఘాటులోనే నేర్చుకున్నారు. రెండొకట్ల రెండు, హాచ్. రెండు రెళ్ళు నాలుగు, హాచ్. రెండు మూళ్ళు ఆరు, హాచ్. తుమ్ము తాళంలాగా పడేది. రాకపోతే పిల్లలు ఎక్కం ఆపి దానికోసం ఎదురుచూసేవాళ్ళు. బయటివాళ్ళెవరైనా వింటే మా మండలంలో ఎక్కాలు ఇలాగే చెప్పాలేమో అనుకునేవాళ్ళు.

నేను నవ్వుతూ రాస్తున్నాను గానీ, నవ్వలేని పిల్ల ఒకతి ఉండేది. మూడో తరగతి. చదువంటే ఎంత ఆకలంటే, పుస్తకాలన్నీ అయిపోయి, గోడమీది బొమ్మల కింద అక్షరాలు అయిపోయి, ఎరువుల బస్తాల మీద రాసినవి కూడా చదివేసి, వాటిల్లో నాకు తెలియని మాటలకి అర్థాలడిగి నా పరువు తీసేది. కల్లం పడితే ఆ పిల్ల ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. ఒకసారి పాఠం మధ్యలో ఊపిరాడక బల్లకి వేలాడింది. నా బండి మీద ఎక్కించుకుని గుంటూరు ఆసుపత్రికి పరిగెత్తాను. డాక్టరుగారు చెప్పింది ఒక్కటే, ఘాటుకి దూరంగా ఉంచండి అని. దూరంగా ఉంచాలంటే బడికి దూరంగా ఉంచాలి. కాయలున్నన్నాళ్ళూ ఆ పిల్ల ఇంట్లో కూర్చునేది. బడి తెరిచే ఉంది, పంతులు ఉన్నాడు, పిల్లకి చదవాలని ఉంది, మిరపకాయలు ఒప్పుకోలేదు.

వాళ్ళమ్మ ఆ కల్లంలోనే తాలు ఏరేది. తాలంటే ఎండకి తెల్లబారి చప్పబడిన కాయ. దాన్ని ఎర్రకాయలోంచి వేరుచేసి పక్కన పోస్తారు, దాని బస్తాలు వేరే, ధర వేరే. ఎండబెట్టి, పదిసార్లు తిరగేసి, చేత్తో పట్టుకు చూశాక గానీ ఇది తాలు అని తేల్చరు. మిరపకాయకున్న ఆ మర్యాద మా పిల్లలకి లేదు. వాళ్ళు డొంకకి ఏ పక్కన పుట్టారో చూసి ముందే వేరుచేసి పోసేశారు.

ఒకరోజు ఆవిడ వరండా మెట్టు మీద కూర్చుని, గుడ్డతో ముక్కు తుడుచుకుంటూ అంది: "సారూ, దీన్ని ఊళ్ళో బళ్ళో చేర్చకూడదా? అక్కడ కల్లం లేదు గదా."

"పెద్దాయన్ని ఓసారి అడగరాదా అమ్మా, కాయలు ఇంకోచోట పోసుకోమని?"

"నేనడిగితే రేపట్నుంచి నన్ను పనికి పిలవరు సారూ. నువ్వు అడిగితే నిన్ను పిలవకపోయినా నీకేం పోయింది?"

నిజమే. నాకేం పోదు. నేను ఆవిణ్ణి, పిల్లని తీసుకుని ఊళ్ళో బడికి వెళ్ళాను. అక్కడి హెడ్మాస్టరుగారు మెత్తటి మనిషి. ఎంత మెత్తటి మనిషంటే, ఆయన్ని గోడకి ఆనించి వదిలేస్తే కిందికి జారిపోతాడు. మాకు కుర్చీలు వేయించారు, నీళ్ళిప్పించారు.

"చేర్చుకోడానికి నాకేం అభ్యంతరమండీ? బంగారంలాంటి పిల్ల. కానీ డొంక దాటి ఎట్లా వస్తుంది?"

"నేను తీసుకొస్తానండీ," అంది తల్లి.

"అదీ నిజమే. కానీ ఒకళ్ళొస్తే అందరూ వస్తారు."

"వస్తే ఏమవుతుందండీ?" అన్నాను నేను.

ఆయన కుర్చీలో ముందుకి జరిగారు, వెనక్కి జరిగారు, బల్లమీది గాజు పేపర్‌వెయిట్ తిప్పారు. అందులోని పువ్వు ఆయన్ని చూసి సిగ్గుపడింది. "అబ్బే, ఏం లేదు మాస్టారూ. స్థలం. కమిటీవాళ్ళు కూడా ఒక మాట అనుకోవాలి గదా. ఎందుకొచ్చిన గొడవ, వచ్చే ఏడాది చూద్దాం."

స్థలమంటే నాకు గుర్తొచ్చి కిటికీలోంచి చూశాను. ఆ పచ్చిక మీద మా బడిని తెచ్చి పెట్టి, చుట్టూ ప్రదక్షిణ చేయడానికి కూడా చోటుంది. పిల్ల అప్పటికే గోడమీది దాతల పేర్లన్నీ చదవడం పూర్తిచేసి ఫ్యాను ఆగితే రెక్కలు చదువుదామని పైకి చూస్తోంది. ఫ్యాను ఆగలేదు. మేం లేచి వచ్చేశాం.

ఆ సాయంత్రమే పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాడు, ముందే చెబుతున్నాను. పండగొస్తే మా పిల్లలకి పలకలు పంచేవాడు. నా బండి ఆగిపోతే తన మనిషిని పంపి బాగుచేయించాడు. కసాయివాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. మంచివాడు కాబట్టే నాకు ఇప్పటికీ మంట చల్లారలేదు.

"రండి రండి మాస్టారూ, కూర్చోండి. ఒరేయ్, మాస్టారికి మజ్జిగ తీసుకురండిరా."

మజ్జిగ తాగి, ఎలా మొదలుపెట్టాలో తెలియక, మెచ్చుకోలుతో మొదలుపెట్టాను. "మీ కాయ ఈ ఏడు రంగు బాగా తిరిగిందండీ. ఇంకా బాగా ఆరాలంటే మట్టి మీదకన్నా సిమెంటు మీద పోయిస్తే మంచిదిగదా."

"సిమెంటు ఎక్కడుంది మాస్టారూ అంత?"

"ఊళ్ళో బళ్ళో ఉందికదండీ. పచ్చిక పక్కన ఆటస్థలమంతా సిమెంటే. ఇంటికి దగ్గర, ట్రాక్టరు డీజిలు కూడా కలిసొస్తుంది."

పెద్దాయన నావైపు ఎలా చూశాడంటే, గుళ్ళో దేవుడి మెడలో మిరపకాయల దండ వేద్దామన్నానేమో అనిపించింది. మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"అదేంటి మాస్టారూ! అక్కడ పిల్లలు చదువుకుంటారండీ!"

నేను ఆయన ముఖంలో వెటకారం కోసం వెతికాను. లేదు. కళ్ళలో అబద్ధం కోసం వెతికాను. అదీ లేదు. మనిషి నిజంగానే నొచ్చుకున్నాడు. చదువుకునే పిల్లల మధ్య ఘాటు పోయమన్న పంతుల్ని చూసి ఆయనకి బాధేసింది.

"మా బళ్ళో కూడా పిల్లలే కదండీ," అన్నాను.

"మీ బడంటే మనోళ్ళేగదండీ. వాళ్ళమ్మలంతా ఆ కల్లంలోనే పని. వాళ్ళకి అలవాటు."

నేను ఆయనకి పిల్లికూతల పిల్ల సంగతి చెప్పాను. ఆయన చాలా జాలిపడి, మంచి మందుల షాపు ఎక్కడుందో చెప్పాడు.

ఆ తర్వాత నేను తిరగని గుమ్మం లేదు. పంచాయతీలో అడిగితే మండలం అన్నారు. మండలంలో అడిగితే పంచాయతీ అన్నారు. ఆ రెండింటి మధ్య నా బండి ఎంత తిరిగిందంటే, చివరికి నేను హ్యాండిల్ వదిలేసినా అదే వెళ్ళి ఆఫీసు ముందు స్టాండు వేసుకుని నిలబడేది. ఒకాయన మాత్రం చేసే సాయం ఏదో చేద్దామనుకుని పిల్లలకి మాస్కులు కట్టమన్నాడు. ఎక్కాలు చెప్పడానికి మాస్కులు!

నా తిరుగుళ్ళు చేయలేని పని ఒక పిల్లల సందడి చేసింది.

దగ్గరదగ్గర బళ్ళ పిల్లలు ఒకరి బడికి ఒకరు వెళ్ళి ఒక పూట కలిసి చదువుకోవాలని పైనుంచి చెప్పారు. మంచి ఆలోచనే. మొదట మా పిల్లలు ఊళ్ళో బడికి వెళ్ళారు. నేను వాళ్ళు పచ్చిక చూసి మురిసిపోతారనుకున్నాను. ఎవరూ దాన్ని చూడలేదు. బాత్రూం తలుపుకి లోపలి నుంచి గడియ ఉందని మా ఆడపిల్లలు కనిపెట్టారు. ఇంకేముంది, వరస కట్టారు. ఒక్కొక్కతీ లోపలికి పోవడం, గడియ వేసుకోవడం, తీయడం, మళ్ళీ వేసుకోవడం. పిల్లికూతల పిల్ల అయితే లోపల అంతసేపు ఉంది, ఏమైందోనని నేను తలుపు కొట్టాల్సి వచ్చింది. "ఏం లేదు సార్, ఊరికే నిలబడ్డాను," అంది బయటికి వస్తూ. మా బాత్రూంకి తలుపే లేదు. గాలివానకి ఊడిపోతే ఎరువుల గోతం కట్టాం.

తర్వాత మా వంతు. సరిగ్గా కల్లం నిండుగా ఉన్నప్పుడు వచ్చి పడింది. నేను మండలం ఆఫీసుకి ఫోను చేసి మొత్తుకున్నాను. "కల్లం ఉందండీ, ఘాటుగా ఉంటుంది, కాయలెత్తాక పెట్టుకుందాం."

"కాయలెత్తేసరికి వేసవి సెలవులొస్తాయి మాస్టారూ. ఏదో సర్దుకోండి. మీ పిల్లలు రోజూ కూర్చోట్లేదా?"

సర్దుకున్నాం. ఊళ్ళో బడి పిల్లలు టైలు కట్టుకుని, జంటలు జంటలుగా డొంక దాటి వచ్చారు. పాపం, ముద్దుగా ఉన్నారు. వాళ్ళ తప్పేం లేదు. సరిగ్గా వాళ్ళు వరండాలో కూర్చున్న కాసేపటికి ఎండెక్కింది, ఆడవాళ్ళు రోజూలాగే కాయలు తిరగేశారు, గాలి వరండా వైపు తిరిగింది.

మొదటి తుమ్ము హెడ్మాస్టరుగారిది. మెత్తటి మనిషి కదా, తుమ్ము కూడా మెత్తగానే వచ్చింది. రెండోది ఊరంతా వినబడింది. ఆ తర్వాత లెక్కలేదు. అంతమంది పిల్లలు ఒకేసారి తుమ్ముతుంటే మా బడి పెంకులు ఎగిరి మంగళగిరి కొండ మీద పడ్డాయంటే నేను నమ్మేవాణ్ణి. ఇంతలో ఒక కుర్రాడు కిందికి దిగి ఓ గుప్పెడు కాయలు నలిపి చూసి, ఆ చేత్తోనే కళ్ళు రుద్దుకున్నాడు.

"ఒరేయ్ ఒరేయ్, కళ్ళు నలుపుకోమాకు! మోచేత్తో తుడుచుకో, మోచేత్తో!" అని మా పిల్లలు అరుస్తూనే ఉన్నారు. మా పిల్లలందరూ ఆ కాలంలో మోచేత్తోనే ముఖం తుడుచుకుంటారు. అది వాళ్ళకి అక్షరాలకన్నా ముందొచ్చిన విద్య. ఆ కుర్రాడికి ఎవరు నేర్పారు పాపం? వాడి ఏడుపు విని చర్చిలోంచి పాస్టరమ్మగారు బిందెతో నీళ్ళు తెచ్చి వాడి కళ్ళు కడిగింది. చిన్న మంటే, కాసేపటికి తగ్గింది. కానీ వాడు ఊళ్ళో బడి కమిటీ చైర్మన్‌గారి అబ్బాయి.

హెడ్మాస్టరుగారు ఫోను తీశారు. తర్వాత ఆ ఫోను ఇంకో ఫోనుని లేపింది. నేను మూడు ఎక్కాలు చెప్పేలోగా డొంక మీద బళ్ళ బారు కనబడింది. ఒక్కో పిల్లాడికి ఒక్కో బండి, కొంతమందికి రెండు. ఒకావిడ బండి దిగుతూనే పైటకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నా మీద విరుచుకుపడింది.

"ఇదేం బడండీ! పిల్లల్ని ఇట్లాంటి చోట కూర్చోబెడతారా ఎవరైనా? మీకు బుద్ధుందా?"

నేను ఇన్నాళ్ళుగా ఊరంతా తిరిగి అడుగుతున్న ప్రశ్న అది. ఒక్కళ్ళ నోట్లోంచైనా వినాలని ఎంత ఎదురుచూశానో! ఇంత ఘాటుగా వస్తుందనుకోలేదు.

"కూర్చోబెడతామండీ," అన్నాను. "రోజూ."

ఆవిడ అప్పుడు వరండాలో మిగిలిన పిల్లల వైపు చూసింది. వాళ్ళు ఎక్కడికీ పోలేదు. వాళ్ళ కోసం బళ్ళు రాలేదు. వాళ్ళమ్మలు కొందరు అక్కడే కల్లంలో చేతుల్లో కాయలు పట్టుకుని నిలబడి చూస్తున్నారు. ఆవిడ కొంగు ఇంకొంచెం బిగించి, తన పిల్లని బండెక్కించుకుని వెళ్ళిపోయింది.

పెద్దాయన కూడా పరిగెత్తుకొచ్చాడు. వచ్చినవాళ్ళందరికీ చేతులు పట్టుకుని చెప్పాడు: "క్షమించండయ్యా, ఇక్కడ పిల్లలున్నారని చూసుకోలేదు. తప్పయిపోయింది." అది వరండా మెట్టు మీద నిలబడి చెప్పాడు. ఆయన వెనకాల మా పిల్లలున్నారు. వెనక్కి తిరగలేదు.

పొద్దుగూకేలోపు ట్రాక్టర్లొచ్చాయి. కాయలన్నీ ఆయన పొలంలో బోరు పక్కకి వెళ్ళిపోయాయి. ఏళ్ళ తరబడి కదలని ఆచారం ఒక్క పూటలో ట్రాలీ ఎక్కి వెళ్ళిపోయింది. మర్నాడు ముంగిలి చూస్తే, అది అంత పెద్దదని నాకే తెలీదు.

సోమవారం పిల్లికూతల పిల్ల బడికొచ్చింది. తల్లి మెట్టు దాకా తెచ్చి వదిలింది. ఆవిడ పని ఇప్పుడు బోరు దగ్గర, కాలనీ నుంచి చాలా దూరం. "నాకు నడక పెరిగింది, దీనికి ఆయాసం తగ్గింది, పోనీలే సారూ," అంది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"సారూ, ఆళ్ళ పిల్లల్ని మళ్ళీ ఎప్పుడు పిలుస్తున్నారు?"

"ఎందుకమ్మా?"

"బాత్రూం తలుపు ఊడిపోయింది గదా. ఆళ్ళ పిల్ల ఒకతి గోతం పక్కకి తీసి లోపలికి పోయిందనుకో, సాయంత్రానికి టేకు తలుపే వస్తది."

ఆవిడతో పాటు బోరు దగ్గరికి పనికి పోతున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. మధ్యాహ్నం హెడ్మాస్టరుగారికి ఫోను చేశాను, మళ్ళీ ఎప్పుడొస్తారని. "మీరే రండి మాస్టారూ, ఎన్నిసార్లయినా రండి," అన్నారాయన మెత్తగా. తలుపు గురించి నేను రాసిన అర్జీలు ఇప్పటికీ ఏ బల్లల మీద నిద్రపోతున్నాయో.

ఫోను పెట్టేసి గదిలోకి వస్తే ఎక్కాలు నడుస్తున్నాయి. పిల్లికూతల పిల్ల ముందు చెబుతోంది, మిగతావాళ్ళు అందుకుంటున్నారు. రెండు మూళ్ళు ఆరు అని, అలవాటు ప్రకారం తుమ్ముకోసం ఆగింది. క్లాసంతా ఆగింది. నేనూ ఆగాను.

తుమ్ము రాలేదు.

ఆ పిల్ల కిటికీలోంచి ఖాళీ ముంగిలి వైపు ఓసారి చూసి, నిండా ఊపిరి పీల్చుకుని, "రెండు నాలుగులు ఎనిమిది" అంది.